ఆకారం అడిగిన మాట

పద్యాన్ని చక్రంగా, ఖడ్గంగా, నాగంగా అమర్చితే దానిలో కవిత్వం మిగులుతుందా? అలంకారశాస్త్రకారుడు ఆనందవర్ధనుడు ఇలాంటి చిత్రకవిత్వాన్ని కావ్యానికి అనుకరణ అన్నాడే గాని కావ్యమనలేదు. మమ్మటుడు దానికి అట్టడుగు స్థానమిచ్చాడు. అయినా భారవి, మాఘుడు, మన నన్నెచోడుడు, గణపవరపు వేంకటకవి ఆ విద్యలో శ్రమించారు. శాస్త్రకారులు తక్కువ చేశారని తోసేయలేం, మహాకవులు రాశారని మెచ్చుకోనూ లేం. ఒక్కో పద్యాన్నీ విడిగా చదివి తేల్చుకోవలసిందే.

ఇంగ్లండులో జార్జి హెర్బర్ట్ రాసిన ‘ఈస్టర్ వింగ్స్’ అనే పద్యం 1633లో అచ్చయింది. అందులో పాదాలు క్రమంగా కురచనై, నడుమ రెండేసి మాటలకు దిగి, మళ్లీ విస్తరిస్తాయి. పుటను పక్కకు తిప్పి చూస్తే రెక్కలు కనబడతాయి. మనిషి దీనుడైనచోటే పాదం చిక్కిపోతుంది, దైవాన్ని తోడు అడిగినచోటి నుంచి పెరుగుతుంది. ఆ దైవాన్ని నమ్మని పాఠకుడికి కూడా ఆ చిక్కిపోవడం అర్థమవుతుంది, ఎందుకంటే దుఃఖంలో మాట కురచనవడం అందరికీ తెలుసు. 1711లో వ్యాసకర్త జోసెఫ్ అడిసన్ ఇటువంటి రచనలను బూటకపు చమత్కారమంటూ హెర్బర్ట్ పేరు కూడా ఎత్తాడు. చాలా ఆకార పద్యాల విషయంలో ఆయన మాట నిజమే కావచ్చు. ఈ పద్యాన్ని మాత్రం కళ్లు మూసుకుని విన్నా, ఊపిరి కుదించుకుపోయి మళ్లీ తెరుచుకోవడం తెలుస్తుంది. కాబట్టి ఇక్కడ ఆకారం అర్థానికి తొడిగిన అలంకారం కాదని నా నమ్మకం.

అయితే రాసేవాడి మనస్సాక్షి సంగతేమిటి? అష్టదళ పద్మబంధంలో 32 అక్షరాల శ్లోకం 17 చోట్ల ఇముడుతుంది. నడుమనున్న అక్షరాన్ని 8 సార్లు, నాలుగు దిక్కుల రేకులను లోపలికీ బయటికీ చదువుకోవాలి. ఇంత కట్టడిలో సరిగ్గా ఇమిడే మాట ఒకటి దొరికింది, కాని అది మనం నమ్మిన మాట కాదు అనుకుందాం. చూసేవారు బొమ్మ కుదిరిందని మెచ్చుకుంటారు. అబద్ధం కవికి తప్ప ఎవరికీ కనబడదు. కట్టడి లేని కవితలో ఈ ప్రమాదం లేదనీ కాదు, అక్కడ మొదట తోచిన మాటతోనే సరిపెట్టుకుంటాం. ఆకారం ఆ తొలి మాటను ఒప్పుకోదు. ఇంకా వెతకమంటుంది, ఆ వెతుకులాటలో మనకే తెలియని మన ఆలోచన ఒక్కోసారి బయటపడుతుంది. అందుకే ఈ విద్యను నేను తక్కువ చేయలేను. కాని ఇమిడిన మాట నిజం కానప్పుడు తీసేయవలసిందే. అందులో ఒక్క అక్షరం మారితే దాన్ని మళ్లీ చదివేచోట మాట కూడా చెదరవచ్చు, శ్లోకమంతా విప్పి మళ్లీ కట్టుకోవాలి.