ఒంటరివానికి తోడెవరు?



సాయంకాలము త్రికాలజపపు గంట మ్రోగువేళ వీధి అరుగుమీద ఒంటరిగా కూర్చుండు వృద్ధురాలిని మీరు మీ ఊరిలో చూచియే యుందురు. పెనిమిటి గతించెను. కుమారులు బ్రతుకుతెరువుకై పట్టణమునకో, పరదేశమునకో పోయిరి. వారు డబ్బు పంపుదురు, ఫోనులో పలుకరింతురు. అయినను రాత్రివేళ తన ఒక్కదానికే అన్నము వడ్డించుకొనునప్పుడు ఆమె గుండె బరువెక్కును. "నాలో విశ్వాసము తక్కువ కాబోలు, అందుకే ఈ దిగులు" అని తన్ను తానే నిందించుకొనును. ఆ మాట నిజమా? సర్వేశ్వరుని నమ్మినవారికి ఒంటరితనము కలుగరాదా?

కలుగును. దిగులు పాపము కాదు. ఒలీవతోటలో యేసునాథస్వామి మువ్వురు శిష్యులను వెంటబెట్టుకొనిపోయి, తనతోకూడ మేలుకొనియుండుడని కోరెను. వారు నిద్రపోయిరి. పాపమెరుగని ప్రభువే మనుష్యుల తోడు కోరగా, మనము కోరుట తప్పెట్లగును?

ఈ సంగతిని పునీత దమియాను గురువుల జీవితము మనకు చక్కగా తెలుపుచున్నది. ఆయన 1840వ సంవత్సరమున బెల్జియం దేశమున జన్మించెను. హవాయి దీవులకు వేదబోధకుడుగా వచ్చి, 1873 మే 10వ తేదీన మొలొకాయి ద్వీపమునందలి కుష్ఠురోగుల నివాసమున అడుగుపెట్టెను. ఆ వ్యాధి నేడు మందులతో నయమగును. ఆనాడు మందు లేదు. రోగులను ఇంటినుండి విడదీసి అచటికి పంపెడివారు. ఆ స్థలమునకు మూడువైపుల సముద్రము, నాలుగవ వైపున నిలువెత్తు కొండ. ముప్పదిమూడేండ్ల గురువు తొలి రాత్రులు మొగలిజాతి చెట్టు క్రింద పండుకొనెను.

రోగులకు ఆయన తోడయ్యెను. ఆయనకు తోడెవరు? ఒకనాడు ఆయన పైఅధికారి ఓడలో వచ్చెను. కాని ఆయనను దిగనియ్యలేదు, దమియానును ఓడ ఎక్కనియ్యలేదు. అప్పుడు దమియాను చిన్న పడవలో నిలిచి, ఓడమీదివారు వినుచుండగా గొంతెత్తి తన పాపసంకీర్తనము చేసెను. ఒంటరితనము ఎంత దుర్భరమో చూడుడు! తనకొక తోటి గురువును పంపుడని ఆయన పలుమార్లు వేడుకొనెను. పునీతుడే అయినను, 'నాకెవరును అక్కరలేదు' అనలేదు.

మరి ఆయన ఎట్లు నిలువగలిగెను? గుడిలో దివ్యసత్ప్రసాదము లేనియెడల ఈ బ్రతుకు తాను భరింపజాలనని తన ఉత్తరములలో వ్రాసెను. ఆయన బాధ తొలగిపోలేదు. బాధలో విడిచిపోని స్నేహితుడు దొరికెను. సత్ప్రసాదమందసము ఎదుట మోకరించి లేచి, ఆయన రోగుల పుండ్లు కట్టెను, శవపేటికలు చేసెను, గోతులు త్రవ్వెను. తుదకు ఆ వ్యాధియే ఆయనకును సోకెను. 1886లో జోసెఫ్ డట్టన్ అను అమెరికా దేశస్థుడు, 1888లో కన్యక మరియాన్ కోప్ మాతగారు సహాయమునకు వచ్చిరి. 1889 ఏప్రిల్ 15న దమియాను ప్రభువునందు నిద్రించెను. తిరుసభ 2009లో ఆయనను పునీతుడుగా ప్రకటించెను.

చూచితిరా? ప్రభువు ఆయన మొరను రెండు విధముల ఆలకించెను: సత్ప్రసాదమునందు తానే ఉండెను, మనుష్యులను గూడ పంపెను. మనము ఈ రెంటిని వేరుచేయరాదు. దిగులుపడువారితో "జపము చేసికొనుము, అన్నియు సర్దుకొనును" అని చెప్పి మన దారిని మనము పోవుట భక్తి కాదు. ప్రభువు పంపదలచిన మనిషి మనమే అయియుండవచ్చును గదా!

ఒంటరిగా ఉన్న సోదరీ, సోదరుడా, మీ ఊరి చిన్నగుడిలో సత్ప్రసాదము ఉంచబడకపోవచ్చును. గురువులు నెలకొకసారియే రావచ్చును. అయినను దిగులు కమ్మినప్పుడు, ఎచటనో ఒక గుడిలో వెలుగుచున్న సత్ప్రసాద దీపమును తలంచుకొని, "ప్రభువా, నా హృదయములోనికి రండు" అని పిలువుము. మనస్సుతో చేయు ఈ సత్ప్రసాద స్వీకారమునకు దూరము అడ్డురాదు. పిమ్మట నీకంటె ఒంటరియైనవారు ఎవరో వెదకి, వారి గడప త్రొక్కుము.

ఇంటినిండ జనమున్నవారలారా, వచ్చే ఆదివారము పూజ ముగిసిన వెంటనే ఇంటికి పరుగెత్తకుడు. ఆ అరుగుమీది అవ్వయొద్ద కూర్చుండి, ఆమెతో ఒక జపమాల చెప్పుడు. ఆమె గుడికి నడువలేనియెడల ఉపదేశిగారితో చెప్పి, గురువులు ఆమెకు సత్ప్రసాదము తెచ్చునట్లు చేయుడు. ఆమె చెప్పిన కథనే మరల చెప్పినను ఓపికతో వినుడు.

సిలువమీద నుండి తన తల్లిని శిష్యునికి, శిష్యుని తల్లికి అప్పగించిన యేసువా, మమ్మును ఒకరికొకరిని అప్పగింపుము. మాలో ఎవరును తోడులేక కన్నుమూయకుండునట్లు కృపచేయుము. ఆమెన్.