రింగులో రెండో మనిషి

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్‌లలో బొగ్గు గనులను, కాగితం మిల్లును నమ్ముకుని వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, వీధిలో హిందీ. టీవీలో 'మేరీ కోమ్' వస్తే మాత్రం అన్ని ఇళ్లలోనూ ఒకటే చప్పుడు. 2014 నాటి ఆ సినిమాలో ప్రియాంకా చోప్రా బాక్సర్ మేరీగా నటించింది. కవలల్ని కన్న తల్లి మళ్లీ గ్లౌజులు తొడిగి, 2008లో చైనాలోని నింగ్‌బోలో ప్రపంచ టైటిల్ గెలవడంతో కథ ముగుస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పూడుకుపోతుంది.

కానీ మేరీ చేతిలో ఓడిన అమ్మాయిల్లో ఒక్కరి ముఖమైనా గుర్తుందా అంటే, లేదు. జీవితకథ సినిమాకు ఒక్క మనిషి చాలు. తక్కినవాళ్లు ఓడిపోవడానికి వస్తారు, వెళ్లిపోతారు. మన బతుకును మనం తలుచుకునేదీ ఇలాగే కదా! తోడికోడలు, పక్క బెంచీ గుమాస్తా, ప్రమోషన్ మనకంటే ముందు అందుకున్నవాడు, అందరూ మన కథలో అడ్డుగా నిలబడ్డవాళ్లే. వాళ్ల ఇంట్లో ఆ కథ ఎలా చెప్పుకుంటారో ఆలోచించం.

మేరీకి ఎదురు నిలిచిన అలాంటి అమ్మాయి ఒకరున్నారు. గోదావరికి ఆవల నిజామాబాద్‌లో బాక్సర్ నిఖత్ జరీన్ మేరీని ఆరాధిస్తూ పెరిగింది. 2017లో భుజం గాయం ఆమెను చాలాకాలం రింగుకు దూరం చేసింది. కోలుకుని వచ్చాక, ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీకీ తనకూ మధ్య ట్రయల్ పెట్టాలని 2019లో క్రీడల మంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. తాను కొలిచే మనిషికి ఎదురు నిలబడే అవకాశం అడగడానికి ఎంత గుండె కావాలి! ఆ డిసెంబరులో ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీ 9-1తో గెలిచింది. తర్వాత చేతులు కలవలేదు.

నిఖత్ ఆ ఓటమిని పగగా పెంచుకోలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాక మేరీని కలిసి, పక్కన నిలబడి ఫొటో దిగింది. ఆ బంగారు పతకం కన్నా నాకు ఈ కలయికే గొప్పగా తోస్తుంది. గెలిచాక పాత లెక్క తీర్చుకోవాలనిపించడం సహజం. నిఖత్‌కు మాత్రం మేరీ ఆశీస్సు కావాలనిపించింది. మేరీని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ముప్ఫై అయిదు దాటిన వయసులో, తన చోటు కోసం వచ్చిన చిన్నపిల్లను చూస్తే ఆమెకు ఏమనిపించి ఉంటుందో కూడా తెలుసుకోవాలని ఉంది.

ఆ ట్రయల్ రోజును రింగు రెండు మూలల నుంచీ చూపించే సినిమా ఎవరైనా తీస్తే, మా వీధి పిల్లలందరినీ వెంటబెట్టుకుని మొదటి ఆటకే వెళ్తాను.