శ్రద్ధయు నిష్ఠయు

హైదరాబాదు నగరమునకు దక్షిణమున, బెంగుళూరు రహదారి ననుసరించి పోవువారికి శంషాబాదు పరిసరములలో రెండు విధముల ఔన్నత్యము గోచరించును. ఒకటి, 2008వ సంవత్సరము మార్చి మాసమున ప్రారంభమై వేలాది యెకరముల మేర విస్తరించిన విమానాశ్రయము. రెండవది, దానికి అనతిదూరమున ముచ్చింతల గ్రామమునందు ఆసీనమై యున్న భగవద్రామానుజుల పంచలోహమూర్తి. పీఠముతోను త్రిదండముతోను గూడి 216 అడుగుల యెత్తు గల ఈ మూర్తి, చినజీయరుస్వామివారి సంకల్పమున రూపొంది, 2022 ఫిబ్రవరి 5వ తేదీన ప్రధానమంత్రి నరేంద్ర మోదీచే ఆవిష్కృతమైనది. ఈ రెంటికిని వాయవ్యమున, గండిపేట జలాశయపు దాపున, చిలుకూరు బాలాజీ ఆలయమున్నది. విదేశములకు ఎగిరిపోగోరువారు మొదట ఆ చిన్నగుడి చుట్టు తిరిగి, పిదప ఈ పెద్ద విమానాశ్రయమునకు వచ్చుట మన కాలపు విశేషము. ఈ సీమలో నిలిచి ఆలోచించువానికి ఒక పురాతనమైన ప్రశ్న క్రొత్తగా ఎదురగును: అసాధ్యమని లోకము తీర్పు చెప్పిన దానిని మనుష్యుడు సాధించినపుడు, సాధించినది ఆతని విశ్వాసమా, ఆతని పట్టుదలయా? ఈ రెంటిలో ఏది ముందు, ఏది వెనుక?

లోకమున అసాధ్యములని చెప్పబడునవన్నియు నొక్క జాతివి కావు. ప్రకృతినియమము చేతనే అసాధ్యములైనవి కొన్ని గలవు. పోయిన ప్రాణము తిరిగి రాదు, గడచిన దినము మరలి రాదు. వీనియెదుట విశ్వాసము చేయదగిన పని వీనిని అంగీకరించుటయే. రెండవ జాతివి, మన యోర్పునకు మించిన కాలమును కోరునవి. వేలయేండ్లు మానవునకు ఆకాశగమనము కలయై యుండెను. నేడు శంషాబాదునుండి నిమిషముల వ్యవధిలో నొక్కొక్క విమానము లేచిపోవుచున్నది. ప్రకృతినియమమును ధిక్కరించి అది యెగురుట లేదు, ఆ నియమమును తెలిసికొని దానికి లోబడియే యెగురుచున్నది. ఇక మూడవ జాతివి, ఇతరులు మనకు మూసిన తలుపులు. జన్మము చేతనో, దారిద్ర్యము చేతనో, అంగవైకల్యము చేతనో నీకిది తగదని యెవరో యొకరు చెప్పుటవలన మాత్రమే అసాధ్యములైనవి యివి. మనము జీవితమున ఎదుర్కొను అసాధ్యములలో అధికభాగము ఈ కడపటి రెండు జాతులకే చెందును. కావున విశ్వాసమును గూర్చి విచారించునపుడు, చనిపోయినవాని బ్రతికించు మహిమను గాక, మూసిన తలుపు నెదుట నిలువగల శక్తిని విచారించుటయే న్యాయము.

చిలుకూరు ఆలయమున హుండి లేదు. ధనికునకు వేఱొక వరుసయు లేదు. కోరిక గలవాడు పదునొకండు ప్రదక్షిణములు చేయును; కోరిక ఈడేఱిన పిదప వచ్చి నూటయెనిమిది చేయును. పరదేశపు అనుమతిపత్రముల కొఱకు మ్రొక్కు యువజనుల మూలమున ఆ స్వామికి వీసా బాలాజీయను పేరు కలిగినది. దీనిని పరిహసించు విద్యావంతులు లేకపోలేదు. రాయబారకార్యాలయమందలి అధికారి నిర్ణయమునకును, గుడిచుట్టు వేసిన అడుగులకును సంబంధమేమని వారడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. ప్రదక్షిణము చేసినవారందఱికిని అనుమతి లభించుట లేదు, చేయనివారికిని లభించుచున్నది. ఐనను ఆ సంఖ్యలలో నొక శిక్షణము దాగి యున్నదని నా తలంపు. అడుగుటకు పదునొకండు చాలును. కృతజ్ఞతకు నూటయెనిమిది కావలెను. కోరిక తీఱిననాడు మనుష్యుడు సహజముగా మఱచిపోవు కార్యమునకే అచట పదిరెట్ల శ్రమ విధింపబడినది. మఱియు, ఒకమారు తిరస్కృతుడైన యువకుడు మరల దరఖాస్తు వ్రాయుటకు వలసిన మనఃస్థైర్యమును ఆ యడుగులలో సమకూర్చుకొనినచో, అధికారి మనసు మాఱకున్నను, ఆ యువకుని మనసు మాఱినదనుట నిజము. విశ్వాసము మొదట పనిచేయు క్షేత్రము విశ్వాసి హృదయమే.

ఈ సత్యమునకు ముచ్చింతలలో మూర్తియై కూర్చున్న యతివరుని చరిత్రముకన్న గొప్ప సాక్ష్యము నే నెఱుగను. 1017లో శ్రీపెరుంబుదూరున జన్మించి, సంప్రదాయమును బట్టి 120 సంవత్సరములు జీవించిన రామానుజులు, శ్రీవైష్ణవగురువులగు యామునాచార్యులను దర్శింపగోరి శ్రీరంగమునకు చేరునప్పటికి ఆ మహనీయుడు పరమపదించి యుండెను. ఆ భౌతికకాయమున మూడువ్రేళ్ళు ముడిచి యుండుట చూచి, అవి ఆయన తీఱని మూడు కోరికలకు గుర్తులని గ్రహించి, వానిని తాను నెఱవేర్తునని రామానుజులు ప్రతిజ్ఞ చేయగా, ఒక్కొక్క ప్రతిజ్ఞకు నొక్కొక్క వ్రేలు విచ్చుకొనెనని గురుపరంపరాకథలు చెప్పుచున్నవి. వ్రేళ్ళు విచ్చుకొనుట క్షణములో జరిగినది. ప్రతిజ్ఞ తీఱుటకు మాత్రము అనేక సంవత్సరములు పట్టినది. అందొకటి బ్రహ్మసూత్రములకు విశిష్టాద్వైతపరమైన భాష్యము. దానికి ఆధారమగు బోధాయనవృత్తి దక్షిణదేశమున దొరకక, రామానుజులు శిష్యుడగు కూరేశునితో కాశ్మీరము వఱకు నడచిరట. గ్రంథము చేతికి వచ్చియు నిలువలేదు. అచటి పండితులు దానిని వెనుకకు గొనిపోయిరి. దిగులు చెందిన గురువుతో కూరేశుడు, రాత్రులయందు తాను దానిని చదివి కంఠస్థము గావించితినని విన్నవించెను. శ్రీభాష్యమను ఆ భాష్యము ఆ ధారణాబలముపై వెలసినది. ఒకరి సంకల్పమునకు మఱియొకరి జాగరణము తోడుగాని యెడల ఆ గ్రంథము మనకు లేదు.

అంతకన్నను ప్రసిద్ధమైనది తిరుక్కోట్టియూరు వృత్తాంతము. అష్టాక్షరీమంత్రరహస్యమును అచటి గురువులగు గోష్ఠీపూర్ణులనుండి గ్రహింపగోరి, శ్రీరంగమునుండి కొన్ని దినముల కాలినడకన పోయిన రామానుజులను ఆయన ఏదో యొక నెపమున త్రిప్పి పంపెను. ఒకమారు కాదు, 18 మారులు. కడపట, దండపవిత్రములతో ఏకాకిగా రమ్మని కబురు రాగా, రామానుజులు శిష్యులగు దాశరథిని, కూరేశుని వెంటబెట్టుకొని పోయి, వీరిరువురే నా దండమును పవిత్రమును అని మనవి చేసిరి. రహస్యము లభించినది, ఎవరికిని చెప్పరాదని ఆజ్ఞయు, చెప్పినచో నరకము తప్పదను హెచ్చరికయు లభించినవి. మఱునాడే రామానుజులు ఆలయగోపురమెక్కి, ఊరివారినెల్ల పిలిచి ఆ మంత్రార్థమును వెల్లడించిరి. తానొక్కడు నరకమున బడినను ఇందఱు తరింతురుగదాయని గురువున కుత్తరమిచ్చిరి. గోష్ఠీపూర్ణులు ఆ యుత్తరమునకు కరిగి శిష్యుని కౌగిలించుకొనిరని కథ.

ఇందు తిరస్కారముల సంఖ్యకన్న విచారింపదగినది, లభించినదానిని ఆయన వినియోగించిన తీరు. అన్నిమారులు భంగపడినవాడు, తుదకు చేతికి వచ్చిన నిధిని మఱింత గట్టిగా పిడికిట బిగించుట లోకస్వభావము. ఇంత కష్టపడి నేను సంపాదించినది ఇతరులకు ఊరక ఏల దక్కవలెనని యాతడనుకొనును. రామానుజులు అందుకు భిన్నముగా, తాను పడిన శ్రమ మఱియొకరికి పడనక్కఱలేకుండ చేసిరి. పట్టుదల మాత్రమే గొప్పదైనచో హిరణ్యకశిపుని తపస్సును, రావణుని తపస్సును మనము కీర్తింపవలసి యుండును. వారును నమ్మిరి, వారును ఓర్చిరి, వారును అసాధ్యములను సాధించిరి. వరము లభింపగనే లోకమునకు తలుపులు మూసిరి. సాధించినవాని వెనుక తలుపు తెఱచి యున్నదా, మూసి యున్నదా అనునదే ఆతని విశ్వాసమునకు గీటురాయి.

రామానుజుల పరంపరలోనే ఈ విషయమును గూర్చి గొప్ప వాదము పుట్టినది. భగవదనుగ్రహమునకు జీవుని ప్రయత్నము కావలెనా, అక్కఱలేదా? వేదాంతదేశికుల ననుసరించు వడగలవారు మర్కటకిశోరన్యాయమును చెప్పుదురు: కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనవలెను. పిళ్ళైలోకాచార్యుల ననుసరించు తెంగలవారు మార్జాలకిశోరన్యాయమును చెప్పుదురు: పిల్లిపిల్లను తల్లియే నోట కఱచుకొని పోవును. శతాబ్దములుగా పండితులకు తెగని ఈ వాదమును తీర్చు సాహసము నాకు లేదు. కాని శరణాగతిని బోధించిన రామానుజులే జీవితమంతయు నడచుచు, వ్రాయుచు, ఆలయవ్యవస్థలను దిద్దుచు, చోళరాజు ఆగ్రహమునకు శ్రీరంగము వీడి మేలుకోటలో మరల మొదటినుండి ఆరంభించుచు గడపిరని చూచినపుడు ఒకటి స్పష్టమగుచున్నది: ఫలమును దైవమునకు అప్పగించినవాడు పనిని అప్పగింపలేదు. ఫలచింత తొలగుటచేతనే పని తేలికయైనది. 18వ మారు బయలుదేఱు నాడు, ఈమారైనను దొరకునా యను వెఱపు గలవాని కాళ్ళు సాగవు.

విశ్వాసమున్నచో పట్టుదల దానంతట వచ్చునని మనము సాధారణముగా చెప్పుకొందుము. పతంజలి కూడ సాధనక్రమమున శ్రద్ధనే ముందుంచి, వీర్యమును పిదప చెప్పెను. ఐనచో శ్రద్ధ లేనివాని గతియేమి? ఛాందోగ్యోపనిషత్తు ఏడవ యధ్యాయమున సనత్కుమారుడు నారదునకు ఉపదేశించుచు, మననమునకు మూలము శ్రద్ధయనియు, శ్రద్ధకు మూలము నిష్ఠయనియు, నిష్ఠకు మూలము చేతయనియు వరుసగా చూపించెను. అనగా మెట్లు మనము తలంచినదానికి తలక్రిందులుగా నున్నవి. నమ్మి చేయువాడు గలడు. చేయుచు చేయుచు నమ్మకమును సంపాదించువాడును గలడు. మొదటివాడు భాగ్యవంతుడు, రెండవవానియెడనే ఉపనిషత్తు ఎక్కువ దయ చూపినది. నాకు నమ్మకము కుదురుట లేదని కూర్చుండువానికి ఆ ఋషి యిచ్చు సమాధానమిది: నేటి పనిని నేడు చేయుము, ఱేపును చేయుము, నిలుకడ కలుగును, నిలుకడనుండి నమ్మిక మొలకెత్తును.

ఇది పూర్వయుగమునకే చెల్లిన మాట కాదు. మచిలీపట్టణము దాపున సీతారామపురమున కర్షకకుటుంబమున గ్రుడ్డియై జన్మించిన బొల్లా శ్రీకాంత్, హైదరాబాదున దేవ్‌నార్ అంధపాఠశాలలో చదివి, పదవతరగతి ముగిసిన పిదప విజ్ఞానశాస్త్రమును చదువగోరినపుడు, దృష్టిలేనివారికి ఆ శాస్త్రము నిషిద్ధమని నిబంధన అడ్డువచ్చినది. ఆతడు న్యాయస్థానమున కెక్కెను, మాసములు వేచెను, గెలిచెను. పిదప ఐఐటీ ప్రవేశమునకు తర్ఫీదునిచ్చువారు నిరాకరింపగా, అమెరికాలోని మెసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున, ఆ దేశమునకు వెలుపలినుండి వచ్చిన తొలి అంధవిద్యార్థిగా ప్రవేశము పొందెను. చదువు ముగించి అచటనే నిలువక స్వదేశమునకు మరలి, 2012లో హైదరాబాదున బొల్లాంట్ పరిశ్రమను స్థాపించి, వికలాంగులకు ఉపాధి కల్పించెను. న్యాయస్థానమున ఆతడు గెలిచిన హక్కు ఆతనితో ఆగిపోలేదు. విజ్ఞానశాస్త్రమును చదువగోరు ఇతర అంధబాలురకును ఆ త్రోవ తెఱచుకొన్నది. గోపురమెక్కిన యతికిని, న్యాయస్థానమెక్కిన బాలునకును నడుమ తొమ్మిదివందల యేండ్ల దూరమున్నను, ఆచరించిన ధర్మమొక్కటియే.

కావున ముచ్చింతలకు పోవు యాత్రికునకు నాదొక మనవి. ఆ మూర్తి యొక్క యెత్తును చూచి ఆశ్చర్యపడుట సులభము. లోపల 120 సంవత్సరముల ఆయుష్షునకు గుర్తుగా ప్రతిష్ఠించిన 120 కిలోల స్వర్ణమూర్తిని చూచి ఆశ్చర్యపడుట మఱింత సులభము. ఆ కాలినడకను, ఆ తిరస్కారములను, వానిని దాటిన పిదప ఆయన చేసిన దానమును స్మరించుట కొంచెము కష్టము. అసాధ్యమును సాధించితినని చెప్పుకొనువాడు మొదట, తాను దాటివచ్చిన ద్వారమున తన వెనుకనున్నవారు రాగలరా అని చూచుకొనవలెను. శ్రద్ధ లేదని చింతించువాడు పనికి పూనుకొనవలెను. తలుపు తెఱువబడనివాడు మరల తట్టవలెను. తెఱువబడినవాడు దానిని తెఱచియే యుంచవలెను.