కారుచున్న కుళాయి

చదువవలసిన వాక్యభాగములు: యెహెజ్కేలు 36:25–27, మత్తయి 5:23, 24, సామెతలు 17:14



గత మాసమున మేము సంఘపు పనిమీద విజయవాడ వెళ్లి, గవర్నర్‌పేటలోని మా అక్కగారి యింట రెండు దినములు బసచేసితిమి. ఆ యింటి క్రిందిభాగమున మా బావగారును, మేడమీద ఆయన తమ్ముడును కాపురముందురు. ఇద్దరికిని నీళ్ల ట్యాంకు ఒక్కటే. వారి అనుమతితోనే ఈ సంగతి వ్రాయుచున్నాము.

మొదటి రాత్రి వంటయింటి కుళాయి కారు చప్పుడునకు మాకు నిద్ర పట్టలేదు. సెకనుకొక చుక్క. లేచి చెంబు పెట్టితిమి; తెల్లవారునప్పటికి అది నిండి పొర్లుచుండెను. సెకనుకొక చుక్కయైనయెడల దినమునకు 86,400 చుక్కలు గదా!

ఉదయమున బావగారి నడుగగా, “ఆరు నెలలుగా ఇంతేనయ్యా. గట్టిగా బిగిస్తే కాసేపు ఆగుతుంది” అనిరి. మేమును బలముకొలది బిగించితిమి. చుక్క ఆగెను. గంట గడువకమునుపే మరల కారెను.

కుళాయిలో జరుగునది యిది: పిడి త్రిప్పగా లోపలి కడ్డీ దిగి, దాని కొననున్న రబ్బరు వాషరు ఇత్తడి అంచుమీద కూర్చుండి నీటిని ఆపును. రబ్బరు మెత్తగా నున్నంతకాలము రెండు వ్రేళ్లతో త్రిప్పినను చాలును. అది గట్టిపడి పగిలెనా, నీరు సందు చేసికొని వచ్చును. అప్పుడు బిగించినకొలది వాషరు మరింత నలిగి తెగును. కొద్ది రూపాయలతో పోవు పని అది.

“మరి వాషరు మార్చలేదేమి?” అని అడిగితిమి. బావగారు మాటలాడలేదు. అక్కగారే చెప్పిరి. ట్యాంకు నీరు కట్టు వాల్వు మేడమీద, తమ్ముని వాకిట నున్నది. దానిని కట్టనిదే కుళాయి విప్పుటకు వీలులేదు. తండ్రిగారు పోయిన తరువాత నీళ్ల మోటారు ఖర్చు విషయమై మాటకు మాట పెరిగి, అన్నదమ్ములు రెండేండ్లుగా పలుకరించుకొనుట లేదు. ఒక్కమాట అడుగుటకు మనస్సు రాక ఆరు నెలలు కుళాయిని బిగించుచు వచ్చిరి. ఇద్దరును ఒకే గుడికి వెళ్లి, ఒకే బల్లయొద్ద ప్రభువు రొట్టె తీసికొనుచున్నారు!

ప్రియులారా, గండి యనగా నేమో మన కృష్ణాతీరమువారికి ఒకరు చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు గట్టు తెగగా సింగ్‌నగర్ మొదలగు పేటలు దినములతరబడి నీట నుండెను. గండి చిన్నదిగా నున్నప్పుడే పూడ్చవలెనని ప్రతి రైతుబిడ్డకు తెలియును. తగవు మొదలగుట నీటికి దారి వదలుటవంటిదని సొలొమోను హెచ్చరించినది ఇందుకే.

రెండవ దినము ప్రొద్దుట కుటుంబ ప్రార్థనలో మత్తయి సువార్త అయిదవ అధ్యాయము వంతు వచ్చెను. బలిపీఠమునొద్దనే కానుక విడిచి, మొదట సహోదరునితో సమాధానపడ వెళ్లుమని ప్రభువు చెప్పిన చోటు చదివి, మేము వ్యాఖ్యానమేమియు చేయక ముగించితిమి. బావగారు లేచి మెట్లెక్కిరి. “తమ్ముడూ, పైన వాల్వు కట్టాలిరా” అన్న మాట మాత్రమే మాకు వినబడెను. తమ్ముడు వాల్వు కట్టుటయే గాక పానా తీసికొని తానే క్రిందికి వచ్చెను. పాత వాషరు రాయివలె గట్టిపడియుండెను. ఇత్తడి అంచునకు పట్టిన సున్నపు పెచ్చును ఇసుకను గోకి తుడిచి, క్రొత్త వాషరు వేసెను. అక్కగారు ఇద్దరికిని కాఫీ యిచ్చిరి. మోటారు లెక్క ఇంకను తేలలేదు. మాట మాత్రము కలిసెను.

దీనినుండి మనము నేర్చుకొనవలసినవి మూడు.

మొదటిది, పైనుండి బిగించినంతమాత్రమున లోపలిది బాగుపడదు. “ఇకమీదట కోపపడను” అని ఒట్లు పెట్టుకొని పండ్లు బిగించువాడు కొంతసేపే ఆగును. ఎన్ని ప్రసంగములలో మేమును సంఘమును ఇట్లు బిగించితిమో తలంచి సిగ్గుపడితిమి. దేవుడు యెహెజ్కేలుద్వారా వాగ్దానముచేసినది బిగింపు కాదు, మార్పు. రాతిగుండెను తీసివేసి మెత్తని గుండె నిచ్చెదనని ఆయన మాట.

రెండవది, అంచు తుడువక క్రొత్త వాషరు వేసినయెడల ఆ యిసుకయే దానిని కోయును. క్షమించితిమని చెప్పి పాత లెక్కలు మనస్సున దాచుకొనకుడి. ఆయన శుద్ధజలము చల్లుటయు అక్కడనే చెప్పబడెను గదా.

మూడవది, వాల్వు చాలమారు మనము పలుకరింపని వాని వాకిటనే యుండును. మెట్లెక్కక తప్పదు.

మీ యింట ఏ చుక్క కారుచున్నది? రాబోవు సంస్కారపు ఆదివారమునకు ముందే లేచి వెళ్లుడి.

ప్రార్థన: ప్రభువా, గట్టిపడిన మా హృదయములను నీవే తీసివేయుము. మెత్తని మనస్సు నిచ్చి, మా సహోదరుని వాకిటికి మమ్మును నడిపింపుము. ఆమేన్.