ఇంటిమాట: సాక్షి వినడం, యంత్రం వినడం

పలికిన మాట పలికిన తరువాత ఏమవుతుందన్న ప్రశ్నను భారతీయ దార్శనికులు శతాబ్దాల పాటు చర్చించారు. శబ్దం నిత్యమని, ఉచ్చారణ దానిని వ్యక్తం చేస్తుందే గాని పుట్టించదని మీమాంసకులు అనగా, శబ్దం మొదటి క్షణంలో పుట్టి, రెండో క్షణంలో నిలిచి, మూడో క్షణంలో నశించే గుణమని నైయాయికులు సిద్ధాంతం చేశారు. వేదప్రామాణ్యం చుట్టూ సాగిన ఆ వాదంలో ఎవరిది పైచేయి అన్నది పండితులు తేల్చవలసిన మాటే గాని, సంసారం మాత్రం ఎప్పుడూ నైయాయికుల పక్షానే నడిచింది. ఆలుమగలు కోపంలో అనుకున్న మాట, అప్పు గురించి తండ్రి గొంతు తగ్గించి చెప్పిన మాట, పిల్లవాడు ఊరికే అల్లిన అబద్ధం, ముసలితల్లి నిద్రలో గొణిగిన పేరు గాలిలో కలిసిపోతాయన్న నమ్మకం మీదనే నలుగురు మనుషులు ఒక కప్పు కింద బతకగలుగుతున్నారు. విన్నవారికి జ్ఞాపకం ఉండవచ్చు. అయితే మనిషి జ్ఞాపకం కాలం గడిచేకొద్దీ మాటలోని పదునును తగ్గిస్తుంది, సందర్భాన్ని కలుపుకుంటుంది, ఒక్కోసారి దయతో మరిచిపోతుంది. ధ్వనిముద్రణకు ఆ గుణాలేవీ లేవు. వాయిస్ అసిస్టెంట్ ఇంట్లోకి తెచ్చిన అసలు ప్రశ్న ఇదే.

అమెజాన్ సంస్థ ఎకో అనే స్పీకరును 2014లో అమెరికాలోను, 2017లో భారతదేశంలోను ప్రవేశపెట్టింది. గూగుల్ హోమ్ 2018లో ఇక్కడికి వచ్చింది. ఇటువంటి పరికరంలోని మైకులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. గదిలోని ధ్వనిని కొద్ది సెకన్ల మేర పట్టి ఉంచుకుని, దానిపైనే కొత్త ధ్వనిని రాసుకుంటూ, తనను పిలిచే పదం, అంటే ‘వేక్ వర్డ్’, వినబడిందా అని పరికరం లోలోపలే పోల్చి చూసుకుంటుంది. వినబడిందని తోచినప్పుడు దీపం వెలుగుతుంది, ఆపైన పలికినది దూరాన ఉన్న కంప్యూటర్లకు చేరుతుంది. కనుక ఇది అన్నిటినీ పంపుతుందన్న భయం ఎంత సరికాదో, పిలిస్తే తప్ప వినదన్న భరోసా కూడా అంతే సరికాదు. వినకపోతే పిలుపును గుర్తించడమే సాధ్యం కాదు. ‘తోచినప్పుడు’ అన్న మాటలోనే చిక్కంతా ఉంది. 2018లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో ఒక ఇంటివారి సంభాషణలో ఏదో మాటను పిలుపుగా, మరేదో మాటను ఆజ్ఞగా పొరబడిన పరికరం, వారి మాటలను ముద్రించి వారికి తెలిసిన వ్యక్తికే పంపించింది. 2019లో అమెజాన్, గూగుల్, ఆపిల్ సంస్థల తరఫున కొందరు మనుషులు ఈ ధ్వనిముద్రణలలో కొన్నిటిని వింటున్నారని పత్రికలు బయటపెట్టాయి. యంత్రానికి భాష నేర్పడానికే విన్నారన్నది నిజమే కావచ్చు, కాని విన్నది మనుషులే.

సౌకర్యాన్ని తేలికగా కొట్టిపారేయడం న్యాయం కాదు. చేతినిండా పిండి అంటుకుని ఉండగా పొయ్యి మీది గిన్నెకు పది నిమిషాల గడువు పెట్టమని చెప్పగలగడం చిన్న సుఖమే. కాని చూపు లేనివారికి, కీళ్ళవాతంతో మంచం దిగలేనివారికి మాటతో దీపం ఆర్పగలగడం, ఫోను కలపగలగడం సుఖం కాదు, స్వాతంత్ర్యం. పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడగా గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఒంటరిగా మిగిలిన దంపతులకు, పేరు పిలిస్తే పలికే గొంతు ఒకటి ఇంట్లో ఉండడం ధైర్యం. ఇటువంటివారికి ఏకాంతం గురించి ఉపన్యసించే ముందు, వారి ఏకాంతంలో ఒంటరితనం పాలెంతో ఆలోచించాలి.

అయితే సౌకర్యం వైపునుంచి వచ్చే వాదాలలో ఒకటి మాత్రం మతపరమైన రూపం ధరిస్తుంది. తప్పు చేయనివారికి ఎవరు వింటే ఏమి, దేవుడు ఎలాగూ అన్నీ వింటూనే ఉన్నాడు గదా అన్నది ఆ వాదం. దీనికి శాస్త్రబలం లేకపోలేదు. నిండుసభలో దుష్యంతుడు తనను ఎరుగనన్నప్పుడు, సూర్యచంద్రులు, వాయువు, అగ్ని, భూమి, పగలు, రాత్రి, ఉభయ సంధ్యలు మనిషి నడతను ఎరుగుదురని శకుంతల చెప్పిన ఘట్టాన్ని నన్నయ తెలుగులోకి తెచ్చాడు. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు అంతర్యామిని, అంటే లోపల ఉండి నియమించే వానిని, వర్ణిస్తూ అతడు వాక్కులో ఉన్నాడని, వాక్కుకు మాత్రం అతడు తెలియడని అంటాడు. ఇంతటి శ్రోతను ఒప్పుకున్న మనసుకు బల్లమీది స్పీకరు ఒక లెక్కా అని అనిపించవచ్చు.

లెక్కే. అద్వైతులు సాక్షి అన్న పదాన్ని ఎంతో జాగ్రత్తగా వాడారు: ఉదాసీనంగా ఉంటూ ఎరిగేదే సాక్షి, ఎరిగినదానివల్ల దానికి ఒరిగేదీ లేదు, తరిగేదీ లేదు. లాభం ఆశించి వినేవాడు ఎంత సర్వజ్ఞుడైనా సాక్షి కాడు, కక్షిదారు అవుతాడు. విన్న మాటనుంచి అభిరుచులను ఏరి, సరుకు అమ్ముకోవడానికో, తరువాతి యంత్రానికి శిక్షణ ఇవ్వడానికో ఉపయోగించుకునే శ్రోతను దైవసాక్షితో పోల్చడం భక్తి కాదు, పదాన్ని దుర్వినియోగం చేయడం. ఇస్లాంలో ఈ వివేకం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అల్లాహ్‌ను సర్వం వినేవాడని కీర్తించే ఖురానే హుజురాత్ అధ్యాయంలో ఇతరుల గుట్టు ఆరా తీయవద్దని విశ్వాసులను ఆదేశిస్తుంది. నూర్ అధ్యాయంలో, ఉదయపు ప్రార్థనకు ముందు, మధ్యాహ్న విశ్రాంతివేళ, రాత్రి ప్రార్థన తరువాత ఇంట్లోని సేవకులు, పిల్లలు సైతం అనుమతి అడిగే గదిలోకి రావాలని వేళలు చెప్పి మరీ నియమించింది. దేవుడు వింటున్నాడన్నది మనిషి మనిషిని పొంచి వినడానికి అనుమతి కాలేదు.

న్యాయస్థానాలు ఈ వివేకానికి చేరడానికి చాలాకాలం పట్టింది. బందిపోటు కేసులో సాక్ష్యం లేక విడుదలైన ఖరక్ సింగ్ ఇంటి తలుపును పోలీసులు రాత్రివేళ తడుతూ వచ్చిన వ్యవహారంలో, 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి సందర్శనలను కొట్టివేస్తూనే, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నది. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు భిన్నమైన తీర్పు రాశారు. నిఘా నీడలో తిరిగే మనిషికి కాళ్ళకు సంకెళ్ళు లేకపోయినా మనసు స్వేచ్ఛగా కదలలేదని, గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో విడదీయరాని భాగమని ఆయన వాదం. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఆ దృక్పథాన్నే నిలబెట్టింది. తలుపు తట్టే పోలీసుకన్నా బల్లమీది స్పీకరు సౌమ్యమైనది, నిజమే. కాని సుబ్బారావుగారు చూపిన నష్టం తలుపు చప్పుడులో లేదు. వినబడుతున్నానేమో అన్న తలపుతో మనిషి తన మాటను తానే కుదించుకోవడంలో ఉంది.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సంస్థలపై అంగీకారం, భద్రత వంటి బాధ్యతలు మోపింది. అదే చట్టం, ఒక వ్యక్తి తన సొంత, గృహసంబంధమైన అవసరాలకు వాడుకునే సమాచారానికి వర్తించదని కూడా చెబుతుంది. ఇంట్లోకి చట్టం రాకపోవడం మంచిదే. కాని అక్కడ మిగిలిన ఖాళీని గృహస్థధర్మమే పూరించాలి. షరతులకు ఒప్పుకుని మీట నొక్కినది ఇంటి యజమాని ఒక్కడే. కష్టం చెప్పుకోవడానికి వచ్చిన చెల్లెలు ఒప్పుకోలేదు. వంటింట్లో గిన్నెలు తోముతూ తన మొగుడి తాగుడు గురించి ఇంటావిడతో చెప్పుకునే పనిమనిషిని ఎవరూ అడగలేదు. అడిగినా కాదనగల స్థితి ఆమెకు లేదు. పిల్లల సంగతి మరీ సున్నితం: పిల్లల గొంతు రికార్డులను అవసరానికి మించి దాచిపెట్టారన్న అభియోగం మీద 2023లో అమెరికా ప్రభుత్వం వేసిన కేసులో అమెజాన్ 2.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. గడప దాటి లోపలికి వచ్చినవారికి అన్నంతోపాటు అభయం ఇవ్వడం గృహస్థు విధి అయినప్పుడు, ఆ అభయంలో వారి మాటకు రక్షణ కూడా చేరుతుంది. మైకు ఆపే మీట నొక్కి ఎర్రదీపం వెలిగించడం, లేదా ఈ గదిలో వినే పరికరం ఉందని ముందే చెప్పడం నేటి ఆతిథ్యంలో కాళ్ళకు నీళ్ళిచ్చినంత సహజమైన మర్యాద కావాలి.

విన్నది తిరిగి పలికే ప్రాణి ఇంట్లో ఉండడం పూర్వులకు తెలియనిది కాదు. చిలుకలవల్ల, గోరువంకలవల్ల రాజమంత్రాంగాలు బయటపడ్డాయని కౌటిల్యుడు హెచ్చరించాడు. కొండవీటి పాలకుడు పెదకోమటి వేమారెడ్డి శృంగారదీపిక అనే వ్యాఖ్య రాసిన అమరుక కావ్యంలో ఒక దృశ్యం ఉంది: దంపతులు రాత్రి చెప్పుకున్న ఊసులను పెంపుడుచిలుక తెల్లవారాక పెద్దల ముందు వల్లిస్తుంటే, సిగ్గుతో చితికిపోయిన కొత్తకోడలు తన చెవికమ్మలోని కెంపును దానిమ్మగింజ అన్నట్టుగా దాని ముక్కుకు అందించి నోరు మూయిస్తుంది. ఆ చిలుకకు అమ్ముకునే ఆలోచన లేదు, విన్నదంతా దాని గొంతులోనే ఉంది, అది ఆ ఇంటి పంజరంలోనే ఉంది. ఆమె చెయ్యి దాని ముక్కువరకూ అందింది.