జెండా ఎవరి చేతికి?



ఇటీవల బహదూర్‌పల్లిలో జుమా నమాజు తరువాత మస్జిదు కమిటీ పెద్దలతో కూర్చున్నాను. సదర్ సాహెబ్‌కు వయసు మీద పడింది. ఆయన తరువాత బాధ్యత ఎవరిదో రాసి ఉంచుదామన్నాను. ఒక పెద్దాయన ముఖం చిన్నబుచ్చుకుని, "మౌలానా! మనిషి బతికుండగానే ఆ మాటలెందుకు? అల్లాహ్‌పై తవక్కుల్ ఉండాలి గదా!" అన్నారు.

మనలో చాలామంది ఇలాగే అనుకుంటారు. అయితే ముఅతా యుద్ధాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. హిజ్రీ 8 (క్రీ.శ. 629)లో, నేటి జోర్డాన్ ప్రాంతానికి మూడు వేల సైన్యం బయలుదేరింది. దైవప్రవక్త (సఅసం) హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి)ను అమీరుగా నియమించారు. అంతటితో ఆగలేదు. జైద్ షహీద్ అయితే జాఫర్, ఆయన కూడా షహీద్ అయితే అబ్దుల్లాహ్ బిన్ రవాహా అమీరు అని ముందే చెప్పి పంపారు. ఆయనను మించిన తవక్కుల్ ఎవరికుంది? ముగ్గురూ అదే వరుసలో షహీద్ అయ్యారు. ఆ వార్త చెబుతున్నప్పుడు ప్రవక్త (సఅసం) కళ్లు చెమర్చాయి. ముందుచూపు వేరు, దుఃఖం వేరు. నాలుగో పేరు ఎవరూ చెప్పి ఉండలేదు. అప్పుడు ముస్లిములు హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి)ను ఒప్పుకున్నారు. ఆయన ఇస్లాం స్వీకరించి కొన్ని నెలలే అయింది! అయినా "నిన్నగాక మొన్న వచ్చినవాడు" అని అడ్డుపడలేదు. సైన్యం తిరిగి మదీనా చేరింది.

రాజ్యాలకు కూడా ఇదే పరీక్ష ఎదురవుతుంది. మన హైదరాబాదులో జన్మించిన రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుసేన్ 1969 మే 3న పదవిలో ఉండగానే మరణించారు. ఉపరాష్ట్రపతి, మన తెలుగువారైన వి.వి. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. కాని ఉపరాష్ట్రపతి స్థానం కూడా ఖాళీ అయితే ఎవరు? దానికి సమాధానం అప్పటిదాకా లేదు. ఆ నెలలోనే పార్లమెంటు చట్టం చేసింది: సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ఆయన కూడా లేకపోతే అందుబాటులో ఉన్న సీనియర్ న్యాయమూర్తి. జూలైలో గిరి గారు ఎన్నికలో పోటీకి రాజీనామా చేయగానే ఆ చట్టం అక్కరకు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి ముహమ్మద్ హిదాయతుల్లా జూలై 20 నుండి ఆగస్టు 24 వరకు ఆ బాధ్యత మోశారు.

ముఖ్యమంత్రి విషయంలో అలాంటి వరుస లేదు. 2009 సెప్టెంబరు 2న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో అదృశ్యమైనప్పుడు రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుంది. మరునాడు ఉదయం గాని విషాదం తేలలేదు. రాజ్యాంగం తరువాతి ముఖ్యమంత్రి ఫలానా అని చెప్పదు, నియమించవలసింది గవర్నరు. ఆర్థిక మంత్రిగా ఉన్న రోశయ్య గారు ఆ రోజే ప్రమాణం చేశారు. పాలన ఆగలేదు, నిజమే. కాని ఆయన ఉంటారా, మరొకరు వస్తారా అన్న పెనుగులాట చాలాకాలం సాగింది. వరుస ముందే రాసి ఉండటానికీ, ఆపద వచ్చాక వెతుక్కోవడానికీ తేడా ఇదే.

పెద్దాయనకు ఇంకో మాట చెప్పాను. కత్తిపోటుకు గురై మరణశయ్యపై ఉన్న హజ్రత్ ఉమర్ (రజి) ఆరుగురి పేర్లు చెప్పి, మూడు రోజుల్లో తమలో ఒకరిని ఎన్నుకోమన్నారు. ఆ మూడు రోజులు నమాజు చేయించే పని హజ్రత్ సుహైబ్ (రజి)కు అప్పగించారు. కొడుకు అబ్దుల్లాహ్ (రజి) సంప్రదింపులకు హాజరు కావచ్చు గాని ఖిలాఫత్‌లో ఆయనకు భాగం లేదన్నారు. అది అమానతు గాని, ఇంటి ఆస్తి కాదు గదా!

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, నాకు తెలిసిన ఒక బస్తీలో సదర్ అకస్మాత్తుగా చనిపోతే ఆఫీసు తాళాలు, బ్యాంకు పుస్తకం కొడుకు దగ్గరే ఉండిపోయాయి. అడిగినవారిపై అలిగాడు. రెండు నెలలు మువజ్జిన్‌కు జీతం లేదు, ఆయన పిల్లల ఫీజు ఎవరో అప్పు తెచ్చి కట్టారు.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత సదర్ సాహెబే రిజిస్టరు తెమ్మన్నారు. మొదటి పేరు తానే చెప్పారు, అది తన కొడుకుది కాదు. రెండోది కూడా వెంటనే కుదిరింది. మూడో పేరు దగ్గర వాదన మొదలై, అస్ర్ అజాన్ దాకా తేలలేదు.