దాచిన లెక్కలు

తెలుగులో 'దాచు' అన్న మాట ఈమధ్య నన్ను ఇబ్బంది పెడుతోంది. అమ్మాయి పెళ్ళికి డబ్బు దాచామంటాం, అది మంచి పని. నిజం దాచాడంటాం, అది చెడ్డ పని. క్రియ మాత్రం ఒక్కటే. నా లాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ ఫైలు దాదాపు రెండేళ్ళు పడి ఉంది. దాన్ని ఈ రెండింట్లో ఏ అర్థంలో దాచానో చాలాకాలం నాకే తెలీలేదు.

అందులో ఉన్నవి మా ప్రగతి నగర్‌లో నాలుగైదు వీధుల బోర్ల వివరాలు. ఒక ఎండాకాలం, ట్యాంకర్ల హారన్లతో తెల్లవారుతున్న రోజుల్లో, నేనూ ఇద్దరు స్నేహితులూ ఆదివారాలు అపార్ట్‌మెంట్ల చుట్టూ తిరిగాం. బోరు ఎన్ని అడుగులు, ఏ ఏడాది వేశారు, నీళ్ళు ఎప్పుడు తగ్గాయి, నెలకి ఎన్ని ట్యాంకర్లు. వాచ్‌మెన్‌లు చెప్పినంత నిజాయితీగా కమిటీ పెద్దలు చెప్పలేదు. "రాసుకోండి సార్, కానీ మా బిల్డింగ్ పేరు బయటికి రానీయకండి. ఫ్లాట్ రేటు పడిపోతుంది" అన్నారు ఒక ప్రెసిడెంటుగారు. సరేనన్నాను.

కొన్నాళ్ళకి పక్కవీధిలో ఉండే ఇంజనీరింగ్ చదివే అమ్మాయి వచ్చింది. "అంకుల్, మా ప్రాజెక్టుకి ఆ డేటా ఇస్తారా?" అంది. "జనానికి మాటిచ్చానమ్మా. ప్రైవసీ" అన్నాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో!

ఆ సులువు మీద అనుమానం రావడానికి కారణం మా ఇంటినుంచి మియాపూర్ మీదుగా గంటలోపు చేరగల పటాన్‌చెరు. అక్కడి ఇక్రిశాట్ గురించి విననివాళ్ళుండరు. కందులు, శనగలు, జొన్నల మీద పనిచేసే సంస్థ. అయితే ప్రపంచంలో ఆర్థికశాస్త్రం చదివినవాళ్ళు దాన్ని ఇంకో కారణానికి గుర్తుపెట్టుకుంటారు. 1975లో ఆ సంస్థవాళ్ళు ఆరు పల్లెలు ఎంచుకున్నారు. రెండు మహబూబ్‌నగర్ జిల్లాలో: అవురేపల్లి, దోకూరు. మిగతా నాలుగూ మహారాష్ట్రలో, షోలాపూర్, అకోలా జిల్లాల్లో. ఊరికి నలభై కుటుంబాలు: కూలీలు పది, చిన్న రైతులు పది, మధ్యతరగతి రైతులు పది, పెద్ద రైతులు పది. ప్రశ్నలడిగేవాళ్ళు ఊళ్ళోనే కాపురం ఉన్నారు. మూడు నాలుగు వారాలకోసారి ఇంటికెళ్ళి ఏం పండింది, ఏం అమ్మారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు, ఏం తిన్నారు అని అడిగేవాళ్ళు. అలా పదేళ్ళు. ఆపైన కొంతకాలం ఆగి, 2001 తర్వాత మళ్ళీ మొదలుపెట్టారు.

అవురేపల్లివి ఎర్రనేలలు, నీరు నిలవదు. ఆముదం, జొన్న, బావి ఉన్నచోట వరి, తాళ్ళెక్కేవాళ్ళు కొందరు. వానపోతే పంటపోయే ఊరు. అలాంటి ఊరి వాళ్ళతో హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త బొమ్మాబొరుసు ఆడించాడు, నిజమైన డబ్బుతోనే. పెద్ద ఆటల్లో గెలిచేది కూలీ నెల సంపాదన కంటే ఎక్కువ. జనం ఎంతవరకు తెగిస్తారో చూడ్డానికి. (ఆడినవాళ్ళు ఆ సాయంత్రం అరుగుల మీద ఏమనుకున్నారో ఏ ఫైల్లోనూ ఉండదు. నాకు దానిమీదే ఆసక్తి.)

ఈ లెక్కల్ని వాళ్ళు బయటి పరిశోధకులకి ఇచ్చారు, తర్వాత ఇంటర్నెట్‌లో కూడా పెట్టారు. రాబర్ట్ టౌన్సెండ్ 1994లో మూడు ఊళ్ళ వివరాలతో ఒక వ్యాసం రాశాడు. అవురేపల్లి అందులో ఒకటి. ఒక ఇంటి పంట పోయినంత మాత్రాన ఆ ఇంటి తిండి అంతగా పడిపోవడం లేదని, ఊరందరి తిండితోపాటే అదీ కదులుతోందని అందులో తేల్చాడు. అప్పులో, సాయాలో, ఏదో దారిలో ఊరు నష్టాన్ని పంచుకుంటోంది. భూమిలేని వాళ్ళకి మాత్రం ఆ రక్షణ తక్కువ. చాలా పేరొచ్చిన వ్యాసం. అందులో నాకు నచ్చిన సంగతి వేరే. 1997లో, అదే పత్రికలో, మార్టిన్ రావల్లియన్, శుభం చౌదురి అదే లెక్కలు ముందేసుకుని, తిండిని కొలిచిన పద్ధతిలోనే తిరకాసు ఉందన్నారు. దానివల్ల ఊరి ఐకమత్యం ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతోందని చూపించారు.

లెక్కలు పెట్టెలో ఉండి ఉంటే ఆ మాట అనే వీలే లేదు. టౌన్సెండ్ చెప్పింది నమ్మాలి, లేకపోతే మానాలి. పరిశోధన ఫలితం మాత్రం చెప్పి, లెక్క చూపనివాడు స్వాములవారి లాంటివాడే. ఆయన మంచి స్వామి కావచ్చు, అది వేరే విషయం.

ఇక్కడికొచ్చేసరికి నా ఫైలు సంగతి తేటపడింది. మనసులో నిజంగా ఉన్నది ప్రెసిడెంటుగారికి ఇచ్చిన మాట కాదు. ఒక వీధంతా వాచ్‌మెన్‌ల ఊహమీద నింపేశాను. రెండుచోట్ల మీటర్లని అడుగుల గడిలో రాశాను. పైగా, ముందు నేనే ఒక వ్యాసం రాయాలన్న ఆశ. నా భయానికీ ఆశకీ వేరేవాళ్ళ గోప్యతని దుప్పటిలా కప్పాను.

అయితే గోప్యత అంతా సాకే అనడానికి లేదు. ఆ సంగతీ అవురేపల్లే నేర్పుతుంది. పేరు తీసేసి నంబరు పెట్టినంత మాత్రాన ఏమవుతుంది? నలభై ఇళ్ళలో, రెండు బావులుండి, ఫలానా ఏడు ఎద్దులమ్మి కూతురి పెళ్ళి చేసిన ఇల్లు ఏదో ఆ ఊరివాళ్ళకి నంబరు చూడకుండానే తెలుస్తుంది. షికాగోలో కూర్చున్నవాడికి అది నంబరు. ఎదురింటివాడికి మాత్రం మనిషి. 2023 నాటి డేటా రక్షణ చట్టం పరిశోధనకి కొంత మినహాయింపు ఇచ్చింది గాని, ఎదురింటివాడి సంగతి ఏ చట్టమూ చూడలేదు. ఇంకోటి. ఆ ఫైళ్ళు తెరవాలంటే ఇంగ్లీషు రావాలి, కోడ్‌బుక్ చదవాలి. అందరికీ తెరిచిన తలుపే. కానీ గడప ఎంత ఎత్తులో ఉందో జవాబులిచ్చిన ఇల్లాలిని అడగాలి.

మా వీధుల్లో చిక్కు ఇంకా ముదురు. ఇక్కడ కింద ఉన్నది నల్లరాయి. నీళ్ళు ఆ రాతి పగుళ్ళలో ఉంటాయి. ఒక బోరుకి పడిన నీళ్ళు పదిగజాల అవతల పడకపోవచ్చు. కాబట్టి వీధి సగటు తీసి ఇస్తే పేర్లు దాగుతాయి, పనికొచ్చే సమాచారమూ దాగుతుంది. పైగా ఒకరు లోతుకి పోతే పక్కవాళ్ళ బోరు ఎండొచ్చు. అప్పుడు ఆ లోతు ఒక్క బిల్డింగ్ సొంత విషయమేనా? పక్కింటి బావిలోంచి తోడుకుంటూ, ఎంత తోడానో చెప్పను అనే హక్కు ఎవరికైనా ఉందా? నాకు లేదనే అనిపిస్తుంది. కానీ నేను మాటిచ్చాను. ఆ మాట మీదే వాళ్ళు తలుపు తీశారు.

చివరికి మళ్ళీ గుమ్మాలెక్కాను. ఈసారి చేతిలో వాళ్ళ బోరు వివరాలు తెలుగులో ప్రింటు తీసిన కాగితం. "ఇది మీరు చెప్పింది. తప్పుంటే దిద్దండి. పేరు లేకుండా, లోతుతో సహా బయటపెట్టొచ్చా?" చాలామంది ఒప్పుకున్నారు. కొందరు దిద్దారు కూడా, ఎక్కువగా ట్యాంకర్ల సంఖ్యని పైకి. ప్రెసిడెంటుగారు ఒప్పుకోలేదు. వాదించాను, కోప్పడ్డారు. ఆయన వరసని ఫైల్లోంచి తీసేసి, ఆ చోట 'అనుమతి లేదు' అని రాశాను. మొదటి పేజీలో నా తప్పులన్నీ రాశాను: వాచ్‌మెన్ ఊహలు, మీటర్లు, అడగకుండా వదిలేసిన సందు.

అమ్మాయికి పంపించాను. రెండ్రోజులకి మెసేజి వచ్చింది: "థాంక్యూ అంకుల్. మూడో వీధిలో ఇంకో రెండు లెక్కలు తేడాగా ఉన్నాయి, మీరు మొదటి పేజీలో రాయలేదు. ఆదివారం వెళ్ళి చూద్దామా?"